కరోలా ఆల్టిస్ 1.8 పెట్రోలు: మరలు సరిపోయినంత మాత్రాన ఆ స్పార్క్ ప్లగ్గు వేయవచ్చా?

గోదావరి గట్టు (రాజమహేంద్రవరం) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నా దగ్గర 2012 నాటి టొయోటా కరోలా ఆల్టిస్ 1.8 పెట్రోలు కారు ఉంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇప్పటికి లక్షా పదివేల కిలోమీటర్లు దాటింది. పాత యజమాని ఇచ్చిన సర్వీసు కాగితాల్లో ప్లగ్గులు మార్చినట్లు ఎక్కడా లేదు. కొన్ని వారాలుగా పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్ కాసేపు వణుకుతోంది. ఏసీ వేసుకుని వంతెన ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మిస్సింగ్ కొడుతోంది. చెక్ ఇంజన్ లైటు వెలిగి ఆరిపోతోంది. స్కానర్ పెట్టి చూస్తే పి0302 అనే కోడ్ వచ్చింది.

మా మెకానిక్ ఒక ప్లగ్గు ఊడదీసి చూపించారు. పింగాణీ మీద డెన్సో అని, దాని కింద ఎస్‌సీ20హెచ్‌ఆర్11 అని ఉంది. ఆ నంబరు మా ఊళ్లో దొరకలేదని ఆయన వేరే ప్లగ్గులు నాలుగు తెప్పించారు. అవి కూడా 14 మిల్లీమీటర్ల మరలున్నవే, చేత్తో తిప్పితే చక్కగానే ఎక్కుతున్నాయి. కానీ పాతదాన్ని, కొత్తదాన్ని బల్ల మీద పక్కపక్కన పెట్టి చూస్తే కొత్తదాని మరల భాగం స్పష్టంగా పొట్టిగా కనబడుతోంది. స్కేలు పెట్టి కొలిస్తే కొత్తది 19 మిల్లీమీటర్లు, పాతది ఇరవై ఆరుకు కొంచెం పైన ఉన్నాయి. "బిగిసింది కదా సార్, పని చేస్తుంది" అంటున్నారాయన. నాకు మనసు ఒప్పుకోవడం లేదు.

దుకాణం వారు ఇంకో మాట చెప్పారు. ఊళ్లో తిరిగే బండికి ఒక నంబరు వేడి ప్లగ్గు వేస్తే కార్బన్ పట్టదని, పికప్ కూడా పెరుగుతుందని వారి సలహా. ఇరిడియం ప్లగ్గులకు అంత ధర పెట్టడం అవసరమా, మామూలు నికెల్ ప్లగ్గులు చాలవా అన్నది కూడా తేల్చుకోలేకపోతున్నాను. తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.

ఆటోనగర్ పానా (విజయవాడ) సమాధానం

గోదావరి గట్టు గారూ, ఆ నాలుగు ప్లగ్గులను ఇంజన్‌లో పెట్టనివ్వకండి. మీకు కలిగిన అనుమానం సరైనదే. మీరు కొలిచి చూడడం ఇంకా మంచిదైంది.

ప్లగ్గు మరల వ్యాసం 14 మిల్లీమీటర్లు, మరకూ మరకూ మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు అన్న కొలత ఎన్నో కార్లకు ఉమ్మడి. కాబట్టి ఆ కొలతతో వచ్చే ప్లగ్గు ఏదైనా మీ ఇంజన్ హెడ్డులోకి ఎక్కుతుంది, బిగుస్తుంది కూడా. తేడా అంతా మరల భాగం పొడవులో ఉంటుంది. అది 12.7, 19, 26.5 మిల్లీమీటర్లు ఇలా రకరకాలుగా వస్తుంది. మీ కారు ఇంజన్ హెడ్డును 26.5 మిల్లీమీటర్ల ప్లగ్గు కోసం తయారు చేశారు. అందులో 19 మిల్లీమీటర్ల ప్లగ్గు పెడితే దాని కొన దహన గదిలోకి రాకుండా ఏడున్నర మిల్లీమీటర్ల లోతున, మరల గొట్టం లోపలే ఉండిపోతుంది. నిప్పురవ్వ అక్కడే పుడుతుంది, మంట బయటికి రావడానికి ఆలస్యమవుతుంది, పెట్రోలు సరిగా కాలదు. ఇంతకన్నా పెద్ద నష్టం తర్వాత బయటపడుతుంది. ఖాళీగా మిగిలిన ఆ చివరి మరల మీద కార్బన్ పేరుకుని రాయిలా గట్టిపడుతుంది. రేపు మీరు సరైన పొడవున్న ప్లగ్గు తెచ్చి బిగించబోతే, అక్కడికి వచ్చేసరికి అది పట్టేస్తుంది. బలం పెడితే అల్యూమినియం హెడ్డులోని మరలు ఊడి వస్తాయి. అప్పుడు పాడైన మరల చోట కొత్త మరలున్న ఇన్సర్టు (లోహపు గొట్టం) వేయించవలసి వస్తుంది, అందుకు హెడ్డు విప్పవలసి కూడా రావచ్చు. పొట్టి ప్లగ్గు ఉండవలసిన చోట పొడుగుది పెడితే ప్రమాదం ఇంకా ఎక్కువ, పిస్టన్ వచ్చి దాని కొనను కొట్టవచ్చు.

పాత ప్లగ్గు మీదున్న నంబరే మీకు కావలసిన సమాచారమంతా చెబుతోంది. అందులో 20 అనేది హీట్ రేంజి, హెచ్ అనేది పొడుగు మరల భాగాన్ని, ఆర్ అనేది లోపలి రెసిస్టర్‌ను సూచిస్తాయి. చివరి 11 అంటే గ్యాపు, అంటే నిప్పురవ్వ దూకే సందు, 1.1 మిల్లీమీటర్లు. షట్కోణం కొలత, అంటే ప్లగ్ పానా పట్టే చోటు, దీనికి 14 మిల్లీమీటర్లు. మన దుకాణాల్లో ఎక్కువగా దొరికే ప్లగ్గులకు అది 16 మిల్లీమీటర్లు ఉంటుంది కనుక, మెకానిక్ దగ్గర 14 మిల్లీమీటర్ల పొడుగు ప్లగ్ పానా ఉందో లేదో ముందే కనుక్కోండి.

హీట్ రేంజి గురించి దుకాణం వారు చెప్పిన సలహాను నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. వేడి ప్లగ్గు అంటే ఎక్కువ వేడి నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు అని చాలామంది అనుకుంటారు. నిప్పురవ్వకూ దానికీ సంబంధం లేదు. ఇంజన్ లోపల ప్లగ్గు కొనకు అంటుకున్న వేడి ఎంత త్వరగా హెడ్డులోకి దిగిపోతుందన్నదే హీట్ రేంజి. కొన దగ్గరి పింగాణీ ముక్కు పొడవుగా ఉంటే వేడి దిగడానికి ఎక్కువ దూరం ప్రయాణించాలి, అందువల్ల కొన వేడిగా ఉంటుంది. ముక్కు పొట్టిగా ఉంటే కొన తొందరగా చల్లబడుతుంది. కొన ఉష్ణోగ్రత సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దాటితేనే దాని మీద పట్టిన కార్బన్ దానంతటదే కాలిపోతుంది. 800 డిగ్రీలు దాటి పైకి పోతే నిప్పురవ్వ పుట్టకముందే ఆ కొనే నిప్పుకణికై పెట్రోలును అంటించేస్తుంది. పిస్టన్లకు చిల్లులు పడేది అలాంటప్పుడే. ఈ రెండు హద్దుల మధ్య మీ ఇంజన్‌కు ఏది సరిపోతుందో టొయోటా వారు పరీక్షించి 20 అని నిర్ణయించారు. మే నెల ఎండలో నలుగురిని ఎక్కించుకుని, ఏసీ వేసుకుని హైవే మీద గంటల తరబడి నడిపేది కూడా ఇదే బండి కదా. ఊళ్లో తిరగడం కోసమని వేడి ప్లగ్గు వేస్తే ఆ రోజున తట్టుకునే శక్తి తగ్గిపోతుంది.

నంబర్ల విషయంలో ఇంకొక చిక్కు ఉంది. డెన్సో, ఎన్‌జీకే కంపెనీలలో నంబరు పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లనిది. బాష్, ఛాంపియన్ కంపెనీలలో నంబరు పెరిగేకొద్దీ వేడిది. డెన్సో 20 అంటే ఎన్‌జీకేలో 6కు సమానం. కాబట్టి వేరే కంపెనీ ప్లగ్గు కొనదలిస్తే నంబరును నంబరుతో పోల్చకుండా, ఆ కంపెనీ కేటలాగులో మీ కారు మోడల్, సంవత్సరం, ఇంజన్ పేరు చూసి, అక్కడ చూపిన నంబరునే అడగండి. మీ బండి ఇంజన్ పేరు 2జెడ్ఆర్.

డాలస్ తెలుగువాడు సమాధానం

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తూ, ఇరిడియం ప్రశ్నకు నాకు తెలిసినంత చెబుతాను. నికెల్ సుమారు 1455 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ప్లాటినం 1768 దగ్గర, ఇరిడియం 2446 దగ్గర. ప్రతి నిప్పురవ్వతోనూ కొన నుంచి కంటికి కనబడనంత లోహం అరిగిపోతుంది. నికెల్‌తో కొన చేయాలంటే అది ఆ అరుగుదలను తట్టుకోవడానికి రెండున్నర మిల్లీమీటర్ల మందం ఉండాలి. ఇరిడియం గట్టిది కాబట్టి మిల్లీమీటరు కంటే సన్నని సూదిలా చేసినా నిలుస్తుంది. సన్నని కొన నుంచి నిప్పురవ్వ దూకడానికి తక్కువ వోల్టేజీ చాలు. అప్పుడే పుట్టిన మంట వేడిని ఆ సన్నని లోహం పెద్దగా లాగేసుకోదు. దానివల్ల కలిగే లాభం ఇంతే. ఇరిడియం వేయగానే మైలేజీ, పికప్ ఎగబాకుతాయని ప్రకటనలు చెప్పే మాటలను నేను నమ్మను. అరిగిపోయిన ప్లగ్గు తీసి ఏ కొత్త ప్లగ్గు వేసినా బండి చురుగ్గా అనిపిస్తుంది.

నికెల్ ప్లగ్గు సాధారణంగా ముప్పై, నలభై వేల కిలోమీటర్లకు మార్చవలసి వస్తుంది. మీ బండికి కంపెనీ ఇచ్చిన ఇరిడియం ప్లగ్గు లక్ష కిలోమీటర్ల వరకు నిలిచేది. కొలతలన్నీ సరిపోయే నికెల్ ప్లగ్గు దొరికితే దానితో ఇంజన్‌కు హాని లేదు, కానీ మధ్యలో గుర్తుపెట్టుకుని మార్చే బాధ్యత మీ మీద పడుతుంది. మార్చకుండా వదిలేస్తే గ్యాపు పెరుగుతూ పోతుంది, నిప్పురవ్వ కోసం కాయిల్ అంతకంతకూ ఎక్కువ వోల్టేజీ పుట్టించవలసి వస్తుంది, చివరికి కాయిల్ కాలిపోవచ్చు. ఒక కాయిల్ ధరలో ఎన్ని ప్లగ్గులు వస్తాయో మీరే దుకాణంలో కనుక్కోండి.

ప్లగ్గు చేరుకోవడం ఎంత కష్టమన్నది కూడా చూడాలి. ఇక్కడ మన తెలుగు కుటుంబాలలో చాలామంది నడిపే, 2020 మోడల్ వరకు వచ్చిన టొయోటా సియెన్నా వ్యాను వంటి బండ్ల వీ6 (ఆరు సిలిండర్ల) ఇంజన్లలో వెనక వరస ప్లగ్గులు అందాలంటే పైన ఎంతో సామాను విప్పవలసి వస్తుంది, అక్కడ పదేపదే మార్చే ప్లగ్గు వేయడం తెలివైన పని కాదు. మీ కరోలాలో నాలుగూ పైనే ఉన్నాయి కాబట్టి ఆ ఇబ్బంది లేదు. అయినా నా ఓటు కంపెనీ నంబరుకే.

కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త వహించండి. ఇరిడియం ప్లగ్గుల్లో నకిలీ సరుకు చాలా ఉంది. పేరున్న అధీకృత పంపిణీదారు దగ్గరో, కారు కంపెనీ స్పేర్ పార్టుల కౌంటర్లోనో కొని బిల్లు తీసుకోండి. పెట్టె తెరిచి, సన్నని కొన సరిగ్గా మధ్యలో ఉందో లేదో, దాన్ని అతికించిన చోటు చుట్టూ ఒకే తీరుగా ఉందో లేదో, పింగాణీ మీది అక్షరాలు చెదిరిపోకుండా ఉన్నాయో లేదో నాలుగింటినీ పోల్చి చూడండి.

వరంగల్ వర్క్‌షాపు సమాధానం

ఇంతవరకు ఎవరూ పి0302 గురించి మాట్లాడలేదు. ఆ కోడ్‌కు అర్థం రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్ జరుగుతోందని, అంటే అక్కడ పెట్రోలు సరిగా అంటుకోవడం లేదని. లక్షా పదివేలు తిరిగిన ప్లగ్గులు మార్చవలసినవే, అందులో సందేహం లేదు. అయితే నాలుగు ప్లగ్గులూ ఒకే వయసువైనప్పుడు ఒక్క సిలిండరే ఎందుకు తప్పుతోందన్నది ముందు తేల్చుకోవాలి. మీ ఇంజన్‌లో ప్రతి ప్లగ్గుకూ సొంత కాయిల్ ఉంటుంది కాబట్టి పరీక్ష సులువు. రెండో సిలిండర్ మీది కాయిల్ తీసి మూడో దాని మీద, మూడో దాన్ని రెండో దాని మీద పెట్టి, కోడ్ చెరిపేసి బండి నడపండి. ఈసారి పి0303 వస్తే తప్పు కాయిల్‌ది. మళ్లీ పి0302 వస్తే కాయిల్ మంచిదే, ప్లగ్గునో, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్‌నో అనుమానించాలి.

ప్లగ్గులు తీసేటప్పుడు ఏది ఏ సిలిండర్‌దో కలిసిపోకుండా ఒక అట్టముక్కకు నాలుగు కన్నాలు చేసి, నంబర్లు వేసి, వరసగా గుచ్చండి. కొన లేత గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉంటే ఆ సిలిండర్ ఆరోగ్యంగా ఉన్నట్టే. పొడి మసి దట్టంగా పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోందో, బండి వేడెక్కకముందే ఆపేసే చిన్నచిన్న ప్రయాణాలే ఎక్కువయ్యాయో చూడాలి. ఎయిర్ ఫిల్టర్‌ను కూడా అప్పుడే చూడండి. తడిగా, నల్లగా, నూనె జిగురుతో ఉంటే పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో అరిగి ఆయిల్ లోపలికి వస్తోందని అర్థం. అటువంటి బండికి ఏ ప్లగ్గు వేసినా కొద్దిరోజుల్లో మళ్లీ ఇదే స్థితికి వస్తుంది. కొన తెల్లగా పాలిపోయి బుడిపెలు కట్టి ఉంటే ఇంజన్ అతిగా వేడెక్కుతోంది, దాన్ని తేలికగా తీసుకోవద్దు. కొన సంగతి అటుంచి, ప్లగ్గు కూర్చునే గొట్టంలో ఆయిల్ నిలిచి ఉంటే ట్యాపెట్ కవర్ దగ్గరి సీలు పోయినట్టు. ఆ ఆయిల్ కాయిల్ రబ్బరును పాడుచేసి మిస్సింగ్ తెస్తుంది, దానికి ప్లగ్గుతో పనే లేదు.

బెజవాడ సీఎన్‌జీ ప్రశ్న

చర్చ మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి, విషయం దీనికి దగ్గరిదే. మా పెట్రోలు కారుకు బయట సీఎన్‌జీ కిట్టు వేయించాను. ప్లగ్గులు కూడా మార్చి వేరే రకం వేయాలా?

గోదావరి గట్టు మళ్లీ రాసినది

పెద్దలందరికీ ధన్యవాదాలు. పొట్టి ప్లగ్గులు తిరిగి ఇచ్చేశాను. వరంగల్ వర్క్‌షాపు గారు చెప్పినట్లు కాయిళ్లు మార్చి నడిపితే మళ్లీ పి0302 వచ్చింది. ప్లగ్గులు నాలుగూ తీయించి అట్టకు గుచ్చి చూశాం. ఒకటి, మూడు, నాలుగు లేత గోధుమ రంగులో ఉన్నాయి. రెండోదాని కొన దగ్గర మసి పట్టి ఉంది, గ్యాపు కూడా మిగతావాటి కంటే ఎక్కువగా తెరుచుకుని ఉంది. గొట్టాల్లో ఆయిల్ లేదు. రాజమహేంద్రవరంలోనే అధీకృత స్పేర్ పార్టుల కౌంటర్లో ఎస్‌సీ20హెచ్‌ఆర్11 తెప్పిస్తామన్నారు, నాలుగింటికీ ఆర్డరు పెట్టాను.

ఒక సందేహం మిగిలింది. నాలుగు ప్లగ్గులకూ పింగాణీ బయటి వైపు, లోహపు అంచుకు కాస్త పైన గోధుమ రంగు వలయం ఉంది. గుడ్డతో తుడిస్తే పోలేదు. కంప్రెషన్ (సిలిండర్‌లోని ఒత్తిడి) అక్కడి నుంచి లీకవుతోందని మెకానిక్ అంటున్నారు. అది నిజమేనా? కొత్తవి వచ్చాక గ్యాపు సరిచేయించి వేయాలా?

ఆటోనగర్ పానా సమాధానం

ఆ వలయం లీకేజీ కాదు. దాన్ని కరోనా మచ్చ అంటారు. ప్లగ్గు చుట్టూ ఉండే అధిక వోల్టేజీ ప్రభావానికి గాలిలోని నూనె తుంపరలు, దుమ్ము వచ్చి పింగాణీకి అంటుకుని అలా రంగు కడతాయి. మంచి ప్లగ్గుకూ వస్తుంది, దానివల్ల నష్టం లేదు. మంచి ప్లగ్గులను ఈ మచ్చ చూసి పారేయడం మా ఆటోనగర్‌లో కూడా జరుగుతూనే ఉంటుంది.

గ్యాపు విషయంలో పాత అలవాటును పక్కన పెట్టాలి. అంబాసిడర్, పద్మిని కార్ల రోజుల్లో మైకో ప్లగ్గులు వేసేవారు. 1951లో మొదలైన ఆ సంస్థే 2008లో బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకుంది. ఆ ప్లగ్గులను కొన్ని వేల కిలోమీటర్లకొకసారి తీసి, ఉప్పు కాగితంతో రుద్ది, బయటి కొమ్మును తట్టి గ్యాపు సరిచేసి మళ్లీ బిగించడం ప్రతి షెడ్డులోనూ మామూలు పని. మందపాటి నికెల్ కొనకు అది చెల్లింది. ఇరిడియం సూదిని ఉప్పు కాగితంతో రుద్దినా, గ్యాపు కొలిచే ఫీలర్ గేజి రేకును అందులో దూర్చి మెలితిప్పినా కొన విరిగిపోతుంది. కంపెనీ నుంచి 1.1 మిల్లీమీటర్ల గ్యాపుతోనే వస్తాయి. అట్టపెట్టెలో ఎక్కడైనా దెబ్బ తగిలి గ్యాపు మూసుకుందేమో కంటితో, లేదా గుండ్రని తీగ గేజితో తాకీ తాకనట్టు చూడండి, చాలు. చేయి జారి గచ్చు మీద పడిన ప్లగ్గును మాత్రం వేయించుకోకండి. లోపల పింగాణీ చిట్లితే పైకి కనబడదు.

బెజవాడ సీఎన్‌జీ గారూ, గ్యాసును అంటించడానికి పెట్రోలు కంటే ఎక్కువ వోల్టేజీ కావాలి, అందుకే పెట్రోలు మీద గుట్టుగా ఉండిపోయిన అరిగిన ప్లగ్గు గ్యాసు మీదకు మారగానే మిస్సింగ్ ఇస్తుంది. మీరు ముందుగా మీ కారుకు చెప్పిన నంబరులోనే కొత్త ప్లగ్గులు వేయించండి, పెట్రోలు బండి కంటే ముందుగానే మార్చుతూ ఉండండి. గ్యాపు తగ్గించాలా, ఒక నంబరు చల్లనిది వేయాలా అన్నది కిట్టు తయారీదారు ఇచ్చిన కాగితంలో ఉంటే దాన్ని పాటించండి. ఎవరో చెప్పారని వేడి ప్లగ్గు వైపు మాత్రం వెళ్లకండి.

గోదావరి గట్టు గారూ, రెండోది ఒక్కటే మార్చి మిగతా మూడు ఉంచుకుందామని ఎవరైనా అన్నా నాలుగూ కలిపే మార్చండి, అన్నీ ఒకే దూరం తిరిగినవే. పని రాత్రంతా నిలిపి ఉంచిన బండి మీద, పొద్దున్నే చేయించండి. వేడి మీద ప్లగ్గు తీస్తే అల్యూమినియం మరలు దెబ్బతింటాయి. కాయిల్ తీశాక గొట్టంలోకి గాలి కొట్టించి దుమ్ము పోయాకే పానా పెట్టాలి, లేకపోతే ఆ ఇసుక నేరుగా సిలిండర్‌లోకి పడుతుంది. కొత్త ప్లగ్గును చివరికంటా చేత్తోనే తిప్పి ఎక్కించాలి. మధ్యలో పట్టేస్తే బలం పెట్టకుండా వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టాలి. మరలకు గ్రీజు రాసే అలవాటు కొందరికి ఉంది, అది రాస్తే అదే బలానికి ప్లగ్గు మరింత బిగుసుకుని మరలు సాగిపోతాయి కనుక వద్దనండి. చేతికి బిగిసిన తర్వాత టార్క్ రెంచి ఉంటే మాన్యువల్‌లో చెప్పిన బిగింపు ఇవ్వాలి. లేకపోతే పానాతో అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు వరకు తిప్పితే వాషరు నలిగి సరిగ్గా కూర్చుంటుంది. విప్పిన ప్లగ్గునే మళ్లీ వేస్తే వాషరు అప్పటికే నలిగి ఉంటుంది కాబట్టి పన్నెండో వంతు చుట్టు చాలు. బిగించాక కోడ్ చెరిపించి, ఏసీ వేసుకుని అదే వంతెన ఎక్కించి చూడండి. కొత్త ప్లగ్గుతో కూడా పి0302 మళ్లీ వస్తే రెండో సిలిండర్ ఇంజెక్టర్‌ను, కంప్రెషన్‌ను పరీక్షించమని అడగండి.